చలికాలపు ఉడుపు: వెచ్చదనము, అందము

పుష్యమాసమున ఉదయము ఎనిమిదిన్నర గంటలకు పద్యభాగము బోధించుట సులభమైన పని కాదు. పద్యము కఠినమగుటవలన కాదు. వినువారి చేతులు రెండును చంకలలో దాగి యుండుటవలన. అర్థము వ్రాసికొనుడని మేము చెప్పినను కలము పట్టుటకు చేయి వెలుపలికి రాదు. మనది ఎండల దేశమనియు, మనకు చలి యొక లెక్క కాదనియు పలువురు తలతురు. కాని హైదరాబాదు నగరముననే 1946 జనవరి 8వ తేదీన ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు దిగినది. ఆదిలాబాదు, ఆసిఫాబాదు వైపు ఐదు డిగ్రీల దరిదాపునకు దిగిన రాత్రులు మనవారికి క్రొత్త కావు. శివరాత్రికి చలి శివశివా యని పోవునన్న సామెత నిజమే. అది పోవులోపల కళాశాలలో సగము సంవత్సరము గడచిపోవును.

ఈ వ్యాసమునకు ప్రేరణము ఒక స్వెట్టరు. మా తరగతిలో అన్నదమ్ములిద్దరు కలరు. ఏడాది వెనుకబడిన అన్న, ఏడాది ముందు చేరిన తమ్ముడు ఒకే తరగతిలో కూడిరి. డిసెంబరు నెలలో వారిద్దరును మొదటి గంటలో ఏనాడును కలిసి కూర్చుండలేదు. సోమవారము అన్న వచ్చిన, మంగళవారము తమ్ముడు వచ్చును. హాజరుపట్టీ చూచి మందలింపబోయి, ఇద్దరి ఒంటిమీదను వంతుగా కనబడుచున్నది ఒకే గోధుమరంగు స్వెట్టరని గ్రహించి ఆగితిమి. కుడి మోచేతివద్ద నల్లదారముతో వేసిన అతుకు కూడ ఒకటే. రెండవ గంటకు ఎండ వచ్చిన పిమ్మట రెండవవాడును వచ్చుచుండెను. ఈ సంవత్సరము చలికాలమునకు విద్యార్థులందరికి నీలిరంగు బ్లేజరు తప్పనిసరి చేయవలెనను ప్రతిపాదన కమిటీవారి యెదుట ఉన్నది. ఆ సందర్భమున వెచ్చని ఉడుపు అనగా ఏమి, అందమైన ఉడుపు అనగా ఏమి అను రెండు ప్రశ్నలను విచారింతము.

మొదటి ప్రశ్నకు భౌతికశాస్త్ర మిచ్చు సమాధానము విచిత్రమైనది. ఏ వస్త్రమును వేడి పుట్టింపదు. వేడి మన దేహముదే. దానిని పోనీయక పట్టి యుంచునది వస్త్రముకూడ కాదు. వస్త్రపు పోగుల నడుమ చిక్కుకొన్న గాలి. కదలని గాలి వేడిని మిక్కిలి మందముగా ప్రసరింపజేయును. ఉన్నిపోగు సహజముగా ముడతలు ముడతలుగా నుండుటచేత గాలి నెక్కువగా బంధించును. అంతేకాక ఉన్ని తన బరువులో ఇంచుమించు మూడవవంతు తేమను పీల్చుకొని కూడ తడిగా తోచదు. నూలుబట్ట అట్లు కాదు. చెమటకో మంచుకో తడిసిన నూలుబట్టలో గాలి యున్న చోటును నీరాక్రమించును. నీరు గాలికంటె ఇరువదియైదు రెట్లు వేగముగా దేహపు వేడిని లాగుకొనును. తెల్లవారుజామున సైకిలు తొక్కి చెమర్చి వచ్చి, తరగతిలో కూర్చున్న పిదప వణకు విద్యార్థికి కారణ మిదియే.

కావున ఒక మందపు వస్త్రముకంటె పలుచని వస్త్రములు రెండు మూడు మేలు. వాని నడుమ గాలిపొరలుండును. ఒంటికి తగులునది మెత్తనిది, నడిమిది ఉన్నిది, పైది గాలి చొరబడని గట్టి నేతది అయినచో చాలును. పైపొర లేనిదే స్వెట్టరు ఎంత మందమైనను సైకిలుపై పోవువానికి అక్కరకు రాదు. ఎదురుగాలి ఆ పోగులలోని వెచ్చని గాలిని ఊడ్చుకొనిపోవును. ఇక దేహపు వేడిలో సగము తలనుండియే పోవునను మాట మనలో ప్రచారమున నున్నది. అది సరికాదు. తల దేహములో ఇంచుమించు పదవవంతు. వేడియు ఇంచుమించు అంతే పోవును. అయినను చెవులకు, ముఖమునకు చలి తెలియుట ఎక్కువ. కాబట్టి మన తాతలు మఫ్లరును చెవులమీదుగా చుట్టి గడ్డముక్రింద ముడివేయుట అజ్ఞానము కాదు. అందమా యని యడిగిన, ఆ ప్రశ్నను తరువాతకు వాయిదా వేయుదము.

గాలిని బంధించుటయే వెచ్చదనమైనచో, తెలుగుదేశమున తరతరములుగా గాలిని బంధించి యిచ్చిన వృత్తివారొకరు కలరు. వారు దూదేకులవారు. రజాయిలోని దూది నాలుగైదేండ్లకు నలిగి, గడ్డకట్టి, పలుచబడును. అందులోని గాలి పోవును గనుక వెచ్చదనమును పోవును. దూదేకువాడు వచ్చి, కుట్లు విప్పి, ఆ గడ్డలను నరపుతాడు బిగించిన పొడవైన విల్లు క్రింద నుంచి, కొయ్యగూటముతో తాటిని మీటుచు ఏకును. తాడు అదిరినప్పుడెల్ల పోగులు విడివడి, నురుగువలె పైకి లేచి పడును. పిడికెడు దూది గంపెడగును. బరువు పెరుగలేదు, పెరిగినది గాలి. నేడు బజారులో వేలాది రూపాయలకు అమ్ముచున్న ఉబ్బెత్తు నైలాను జాకెట్టులలో నున్నదియు ఇదే సూత్రము. దూదికి బదులు పాలియెస్టరు పీచో, బాతు మెత్తని యీకలో ఉండును. ఉత్తరదేశమున మిర్జాయి యను పేర దూది దట్టించిన అంగీని తొడుగుకొనుట పాత అలవాటు.

మేము పుట్టినది రాయలసీమలోని అట్టి యింటనే. మా తాతగారు కోతలైన పిమ్మట విల్లు భుజమున వేసికొని పది పదునైదు గ్రామములు తిరిగివచ్చెడివారు. ఆ విల్లు మ్రోత విని ఏ యింటివారైనను రజాయి వెలుపల వేసెడివారు. ఆ యింటి కులమేదని ఆయన అడిగినది లేదు. మా యింటిలో నమాజు అరబ్బీలో, మాటలు తెలుగులో. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అను పేర్లన్నియు మావారివే. లద్దాఫ్ అనునది దూది ఏకువాడను అర్థముగల నద్దాఫ్ అను అరబ్బీ పదమునుండి వచ్చినది. పింజారి అనునది పింజుట, అనగా దూదిని విడదీయుట అను క్రియకు సంబంధించినది. ఇంతటి నిర్మలమైన వృత్తినామము తెలుగున తిట్టుగా మారుట ఎట్లు సంభవించెనో భాషాశాస్త్రజ్ఞులు చెప్పవలసియున్నది.

మేము ఎం.ఏ. చదువునాడు వసతిగృహమున ఒక జనవరి ఉదయము వేడినీటి బకెట్టు వంతుకై ఇద్దరు మిత్రులు తగవులాడుకొనిరి. ఒకడు రెండవవానిని ఆ మాటతో తిట్టెను. తిట్టినవాడును పడినవాడును మావారు కారు. ఆ మాటకర్థము వారిద్దరికిని తెలియదు. మేము ప్రక్కనే తువాలు భుజమున వేసికొని నిలిచియుంటిమి. నోరు విప్పలేదు. ఆ రాత్రి మేము కప్పుకొన్న రజాయి మా తాతగారు తమ చేతులతో ఏకి, మా అవ్వ కుట్టి పంపినదే. దానిపై ఎఱ్ఱపూల గలీబు ఉండెను. గదిలో తక్కినవారు బజారు రగ్గులు కప్పుకొనుచుండగా, ఇది మోటుగా కనబడునేమో యని దానిపైనొక తెల్లదుప్పటి పరచి దాచెడివారము. పదిమందిలో ఎక్కువ వెచ్చగా నిద్రించినవారము మేమే. ఎక్కువగా సిగ్గుపడినవారమును మేమే. మూడేండ్ల క్రిందట మా తరగతిలో ఒక విద్యార్థి నోట మరల అదే మాట వినబడినప్పుడు, మరునాడు మా తాతగారి విల్లును రిక్షాలో తెప్పించి, బల్లపై ఒక పాత దిండు విప్పి, ఏకి చూపితిమి. గదినిండ దూది ఎగిరి, ప్రక్క తరగతి ఉపన్యాసకులు విసుగుకొన్నమాట వాస్తవము. ఆ మాట మా గదిలో మరల వినబడలేదు.

వస్తువులకంటె పేర్లు ఎక్కువకాలము నిలుచును. చలిబట్టల పేర్లు పరిశీలించిన, మన రెండు భాషల సహవాసము కంటికి కట్టును. గొంగడి అచ్చతెలుగు. కంబళి సంస్కృతము. దుప్పటి రెండు పట్టీలు చేర్చి కుట్టినదని చెప్పు ఉత్తరదేశపు మాట. శాలువ పారసీకపు షాల్. రుమాలు ముఖము తుడుచునది, పైజామా కాళ్ళకు తొడుగునది, రెండును పారసీకములే. మందపు ఉన్నిబట్టకు మన నిఘంటువులలో నున్న సకలాతి యను పదమును అట్టిదే. ఇవి నిన్నమొన్న వచ్చినవి కావు. శ్రీనాథమహాకవిదిగా ప్రచారమందున్న ఒక చాటుపద్యమున, కర్ణాటక రాజసభ ప్రవేశమునకై తాను తలకు కుల్లాయి పెట్టి, మహాకూర్పాసము తొడిగితినని ఆయన వాపోవును. కుల్లాయి పారసీకపు కులాహ్, కూర్పాసము సంస్కృతము. పదునైదవ శతాబ్దిలోనే ఒకే తెలుగుపద్యములో, ఒకే మనిషి ఒంటిమీద, ఈ రెండును కలిసికొన్నవి. పదునారవ శతాబ్దినాటి లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది చిత్రములలో ఉన్నతమైన కుల్లాయిలును పొడుగు చేతుల కబాయిలును ధరించిన పెద్దమనుష్యులను నేటికిని చూడవచ్చును. కబాయి అరబ్బీ ఖబా. ఫలానా దుస్తు వారిది, ఫలానా దుస్తు మనది యని వాదించు మిత్రులను ఒకమారు లేపాక్షికి పోయి, తల పైకెత్తి చూడుడని కోరుచున్నాము.

చలియుడుపు ఒక కళగా పరిణమించినది కాశ్మీరమున. అచ్చట డిసెంబరు 21వ తేదీతో చిల్లై కలాన్ అను నలువది దినముల గడ్డుచలి మొదలగును. చిల్లా యనగా నలువది దినములని మన ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. పిమ్మట ఇరువది దినముల చిన్న చలి, ఆపై పది దినముల పిల్లచలి. ఆ దినములలో ఫిరన్ అను మోకాళ్ళు దాటిన వదులు ఉన్ని అంగీని స్త్రీపురుషులు ధరింతురు. అది వదులుగా నుండుటకు కారణము లోపల కాంగ్డీకి చోటుండుటయే. కాంగ్డీ యనగా వెదురువలె సన్నని కొమ్మలతో అల్లిన బుట్టలో నిలిపిన మట్టికుండ, దానిలో నిప్పులు. మనిషి తన కుంపటిని తానే మోసికొని తిరుగును. ఇందు అపాయమును కలదు. ఏండ్లతరబడి పొట్టకు, తొడలకు తగులు ఆ సెగవలన చర్మపు పుట్టకురుపు కలుగునని పందొమ్మిదవ శతాబ్దిలోనే వైద్యులు గుర్తించిరి.

అచ్చటి పష్మీనా శాలువకు మూలమైన మేక లడఖ్‌లోని చాంగ్‌థాంగ్ పీఠభూమిపై పదునాలుగువేల అడుగులకు పైయెత్తున బ్రతుకును. దాని పై వెండ్రుకల క్రింద, చలికి మొలచు మెత్తని నూగే పష్మ్. వసంతమున దానిని దువ్వి తీయుదురు. మైక్రానుల లెక్కలో దాని పోగు పండ్రెండు మొదలు పదునారు వరకు మాత్రమే. మన తలవెండ్రుక అందుకు నాలుగైదు రెట్లు లావు. కానీ శాలువలను నేయువారు రంగుదారములు చుట్టిన చిన్న కొయ్యపుల్లలతో, తాలీము అను వ్రాతప్రతిని చూచుచు నేయుదురు. అందు బొమ్మ యుండదు. ఏ రంగు ఎన్ని పోగులు అను సంకేతాక్షరములు మాత్రమే యుండును. వస్త్రము చదువబడి నేయబడును. సాహిత్యోపాధ్యాయులకు ఇంతకంటె ముచ్చటైన విషయ మేముండును? అక్బరు పాదుషా కాలమునకు పూర్వము శాలువను నాలుగు మడతలుగా మడచి వాడెడివారనియు, పాదుషా రెండు శాలువలను జోడించి ధరించు వాడుక నారంభించెననియు అబుల్ ఫజల్ తన ఆయీనె అక్బరీలో వ్రాసెను. శాలువకు పరమ్‌నరమ్, అనగా మిక్కిలి మెత్తనిది, అని పాదుషాయే పేరిడెనట. పందొమ్మిదవ శతాబ్దిలో స్కాట్లండులోని పేస్లీ పట్టణమున యంత్రములపై దీని అనుకరణములు నేసిరి. మనము మామిడిపిందె యని పిలుచు బుటాకు నేడు లోకమంతట ఆ పట్టణపు పేరే నిలిచినది. పిందె మనది, పేరు పరులది. కాశ్మీరు పష్మీనాకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. షాతూష్ శాలువ మాత్రము ఎవరు చూపినను ముట్టరాదు. అది చిరు అను టిబెట్టు జింకను చంపి తీసిన ఉన్ని. దాని వ్యాపారము చట్టవిరుద్ధము.

పష్మీనా మనకందునది కాదు. అందునది గొంగడి. తెలంగాణమున కురుమలు నల్లని దక్కని గొఱ్ఱెల ఉన్నిని కత్తిరించి, ఏకి, వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గముపై నేయుదురు. వడకు పని స్త్రీలది. గొంగడి గరుకు, కాని వానకు తొందరగా తడియదు, నిప్పుకు తొందరగా అంటుకొనదు. మందకాపరి దానిని ఒక కొసన మడచి తలపై ముసుగుగా వేసికొన్నచో గొడుగు, కోటు, పరుపు, దుప్పటి అన్నియు అదియే. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే యని సోమరులను ఎత్తిపొడుతుము గాని, ఆ గొంగడి వేసినచోట చలి మాత్రము నిలువదు. మాంసమునకై ఉన్నిలేని జాతుల గొఱ్ఱెలను పెంచుట పెరిగినందున, దక్కని గొఱ్ఱెలును గొంగళ్ళును తగ్గుచున్నవి.

సందర్భము వచ్చినది గనుక ఒక మాట. మన సభలలో ఎవరికి సన్మానము జరిగినను శాలువ కప్పుదుము. మే నెల ఎండలోను కప్పుదుము. ఆ శాలువలో ఉన్ని లేదు. జరీవంటి మెరుపును, పాలియెస్టరును కలవు. చలికి పనికిరాదు, ఎండకు అసలే పనికిరాదు. అట్టివి మా యింటి బీరువాలోనే ఏడు ఉన్నవి. ఇట్టి కృత్రిమవస్త్రము నిప్పు తగిలిన కరగి చర్మమున కంటుకొనును గనుక చలిమంటల దగ్గర జాగ్రత్త అవసరము. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట మరింత ప్రమాదకరము. దానినుండి వెలువడు విషవాయువునకు వాసన లేదు, మేల్కొలుపుటయు లేదు.

ఇక అందము. మా అభిప్రాయమున చలికాలమే దుస్తుకు తగిన కాలము. ఎండకాలమున ఎంత తక్కువ వేసికొన్న అంత సుఖము గనుక కూర్పునకు చోటు లేదు. హైదరాబాదు షేర్వాణీనే చూడుడు. మెడకు హత్తుకొన్న నిలువు పట్టీ, కంఠమునుండి క్రిందివరకు గుండీలు, మోకాలిదాక నిడివి. ఎదురుగాలి చొరబడు సందెచ్చటను లేదు. లోపలనొక ఉన్ని బనీను వేసికొన్నను పైకి తెలియదు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు తొలితరముల విద్యార్థులకు అది వాడుక దుస్తు. ఔరంగాబాదు, నేటి ఛత్రపతి శంభాజీనగరు, నేసిన హిమ్రూ వస్త్రముతో సంపన్నులు షేర్వాణీలు కుట్టించుకొనెడివారు. హిమ్రూ నూలు, పట్టు కలిసిన నేత. మష్రూ యను మరియొక నేతలో పట్టు పైకి, నూలు ఒంటివైపునకు వచ్చును. పురుషులు కేవలపు పట్టు ధరింపరాదను నియమమును పాటించుచునే అందమును వదలుకొనని నేర్పు అది. మష్రూ అను మాటకే ధర్మసమ్మతమైనదని అర్థము. దానితో కోటు కోవిశాస్త్రపు కొలతలు పోల్చిన, బ్లేజరు రొమ్ముపై తెరచియుండును. చలి మొదట తగులు చోటునే అది ఖాళీగా వదలును. ఆంగ్లదేశమున దానిలోపల చొక్కా, టై, ఉన్ని పుల్లోవరు ఉండును. ఆ మూడింటిని వదలి పైదానిని మాత్రము మనము తెచ్చుకొన్నాము.

విద్యార్థినుల సమస్య వేరు. చీరపై స్వెట్టరు వేసిన పైటచెంగు నలుగును. పైట వెలుపలికి తీసిన స్వెట్టరు ముడుతలు పడును. నిడుపు చేతుల ఉన్ని రవికను లోపల ధరించి, పైన ఒకే రంగు శాలువ వేసికొనుట దీనికి పరిష్కారము. సల్వారు కమీజుపైకిని అదే శాలువ చాలును. బట్టలో పూలున్నచో శాలువ సాదాగా నుండవలెను, శాలువలో పూలున్నచో బట్ట సాదాగా నుండవలెను. రెండును పూచినచో చూపరులకు ఊపిరాడదు. బాలురకు చెప్పవలసినది ఇంకను తక్కువ: భుజముల కొలత సరిపోయిన పాత కోటు, సరిపోని క్రొత్తకోటుకంటె అందముగా నుండును. అతుకు వేసిన మోచేయి సిగ్గు కాదు. వేయని చిరుగు అలసత్వము. ఉన్నిని వేడినీట ఉతికి, పిండి, దండెమున వ్రేలాడదీసిన అది కుంచించి సాగి రూపు చెడును. చన్నీట ముంచి, పిండక, నీడలో బల్లపై పరచవలెను. ఎత్తిపెట్టునప్పుడు ఎండు వేపాకు వేయవలెను.

కమిటీవారికి మనవి. బ్లేజరు తప్పనిసరి యైనచో కొనలేనివారు కళాశాల మానరు. మొదటి గంట మానుదురు. ఇప్పటికే మానుచున్నారు. ఉడుపును గాక రంగును నియమించిన చాలును. ముదురునీలపు స్వెట్టరు, శాలువ, షేర్వాణీ, కోటు ఏదైనను సరియే. టిబెట్టు, నేపాలు వర్తకులు ఏటేట మన బస్టాండు ప్రక్కన గుడారములు వేసి లూధియానా స్వెట్టర్లు అమ్ముదురు. టోకుగా తీసికొన్నచో ధర తగ్గింతురు. వార్షికోత్సవమున అతిథులకు కప్పు శాలువల పద్దును రెండేండ్లు అటు మరల్చిన ఎన్నియో స్వెట్టర్లు వచ్చును. అతిథులకు ఒక్కొక్క గొంగడి ఇత్తుము. వారికి నిజముగా ఉపయోగపడును. స్వెట్టర్లను గ్రంథాలయపు బీరువాలో నుంచి పుస్తకములవలె అప్పిచ్చి మార్చిలో తిరిగి తీసికొనవచ్చును. చిట్టాలో వస్తువు సంఖ్య చాలును, పేరు వలదు. మా యింటి ఏడు శాలువలను గలీబులుగా కుట్టించి, లోపల దూది ఏకించి, రజాయిలుగా ఇచ్చుటకు మేము సిద్ధముగా నున్నాము. విల్లు ఉన్నది, నరము మాత్రము మార్చవలెను.

మొన్న బుధవారము అన్నదమ్ములిద్దరును మొదటి గంటకు వచ్చిరి. తమ్ముని ఒంటిమీద గోధుమరంగు స్వెట్టరు, అన్న భుజములమీద వాళ్ళ నాయనమ్మ నల్లని గొంగడి. వెనుక బెంచీలో ఎవరో నవ్విరి. అన్న తల యెత్తలేదు. మేము గొంగడి యను పదమునకు వ్యుత్పత్తి చెప్పి, నల్లబల్లపై వ్రాసి, వ్రాసికొనుడని యంటిమి. వాడు గొంగడిలోనుండి చేయి వెలుపలికి తీసి వ్రాసికొనెను.